ఊపిరికి దారి



"నమ్మించి గొంతు కోశాడు" అనే మాట మన ఇళ్లలో తరచూ వినపడేదే. మోసం చేసినవాణ్ణి గురించి మనం చెప్పుకునే అతి కఠినమైన మాట అది. అటువంటప్పుడు ఆసుపత్రిలో ఒక డాక్టరుగారు వచ్చి, "మీ నాన్నగారికి గొంతు దగ్గర రంధ్రం పెట్టాలి, ఈ కాగితం మీద సంతకం చేయండి" అంటే, పల్లెటూరి కుటుంబానికి ఆ మాట ఎలా వినపడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం. పూజ ముగిసింది. గుడి ముందు వేపచెట్టు కింద నిలబడి ఉన్నాను. కూచిపూడికి ఆవల ఒక చిన్న ఊరినుంచి ఇద్దరు అన్నదమ్ములూ వారి చెల్లెలూ వచ్చి నన్ను పక్కకు పిలిచారు. ముగ్గురూ ఒకప్పుడు నా బడిలో చదువుకున్నవారే. వాళ్ల తండ్రికి డెబ్బై రెండేళ్లు. బతుకంతా పొలంలోనే గడిచింది. చిన్ననాటి నుంచీ చుట్ట అలవాటు. ఊపిరితిత్తులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. వానలు పడగానే నిమోనియా పట్టుకుంది. విజయవాడలో ఒక ఆసుపత్రిలో నోటిగుండా గొట్టం వేసి వెంటిలేటరు మీద ఉంచారు. అది పన్నెండో రోజు.

పెద్దవాడు అన్నాడు: "మాస్టారూ, నాన్న పడిన బాధ చాలు. ఇప్పుడు గొంతు కోయించి ఇంకెన్నాళ్లు ఉంచుతాం? అరెకరం ఇప్పటికే తాకట్టులో ఉంది. ఇంటికి తెచ్చుకుందాం."

చెల్లెలు కళ్లొత్తుకుంటూ అన్నది: "డబ్బు కోసం నాన్నను చంపుకుంటామా? ఊపిరి ఉన్నంతవరకు వైద్యం ఆపకూడదని కాదూ శ్రీసభ మనకు నేర్పింది?"

రెండోవాడు ఏమీ మాట్లాడలేదు. బండి తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. చివరకు అతనే అడిగాడు: "సంతకం పెడితే పాపమా మాస్టారూ, పెట్టకపోతే పాపమా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సాయంత్రం ఆసుపత్రికి వస్తానని మాత్రం చెప్పాను. ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. ఈ పత్రిక చదివే ప్రతి ఇంటి గుమ్మం దగ్గరకూ ఏదో ఒకనాడు అది వస్తుంది. అందుకే ఈ వారం దాన్ని మీ ముందు పెడుతున్నాను.

అసలు ఏం చేస్తారు?

మంచి చెడు నిర్ణయించే ముందు విషయం తెలుసుకోవాలి. తెలియనితనం మీద కట్టిన మనస్సాక్షి ఇసుక మీద కట్టిన ఇల్లే.

ఊపిరి ఆడని మనిషికి మొదట నోటిగుండా, స్వరపేటిక దాటించి, గాలిగొట్టంలోకి ఒక ప్లాస్టిక్ గొట్టం దింపుతారు. ప్రాణం కాపాడే పని అది. కాని ఆ గొట్టం గొంతులో రోజుల తరబడి ఉంటే పెదవులూ నాలుకా పుండ్లు పడతాయి, స్వరతంత్రులు ఒరుసుకుపోతాయి. దాన్ని భరించడానికి రోగికి మత్తు ఇస్తూనే ఉండాలి. మత్తులో ఉన్నవాడు దగ్గలేడు, కదలలేడు, మనవాళ్లను గుర్తుపట్టలేడు. అందువల్ల వారం పది రోజులు దాటి ఇంకా వెంటిలేటరు అవసరమనిపించినప్పుడు, మెడ ముందు భాగంలో, స్వరపేటికకు కింద, గాలిగొట్టానికి నేరుగా ఒక చిన్న దారి చేసి పొట్టి గొట్టం అమరుస్తారు. దీన్నే ట్రాకియాస్టమీ అంటారు. ఇది గొంతు కోయడం కాదు, ఊపిరికి దగ్గరి దారి వేయడం. అవసరం తీరాక గొట్టం తీసేస్తే ఆ రంధ్రం చాలామందికి కొద్ది రోజుల్లో దానంతట అదే పూడుకుపోతుంది.

ఇప్పుడు చాలా ఆసుపత్రులలో రోగిని ఆపరేషన్ థియేటరుకు తీసుకువెళ్లకుండా ఐ.సి.యు.లో మంచం మీదనే ఈ పని చేస్తున్నారు. భుజాల కింద మడత పెట్టిన దుప్పటి వేసి మెడ పైకి వచ్చేలా పడుకోబెడతారు. కొన్ని నిమిషాలపాటు పూర్తి ఆక్సిజన్ ఇస్తారు. తల దగ్గర మత్తు డాక్టరు నిలబడతారు, మెడ దగ్గర మరో డాక్టరు. మెడ దగ్గర ఉన్నాయన గాలిగొట్టపు ఉంగరాల మధ్య సూది దింపి, దాని వెంట సన్నని తీగ పంపి, దారిని మెల్లగా వెడల్పు చేస్తారు. ఆ సమయంలో నోటిలోని పాత గొట్టం సూదికి అడ్డం రాకుండా మత్తు డాక్టరు దాన్ని కొంచెం పైకి లాగి పట్టుకుంటారు. తక్కువ లాగితే సూది దానికే గుచ్చుకుంటుంది. ఎక్కువ లాగితే అది బయటికి జారి ఊపిరి దారే పోతుంది. కొత్త గొట్టం లోపలికి వెళ్లి, అందులోనుంచి రోగి వదిలిన గాలి తిరిగి వస్తున్నదని యంత్రం తెర మీద గీత కనిపించేవరకు ఆయన పాత గొట్టాన్ని పూర్తిగా వదలరు.

ఈ చివరి మాటను గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ఇందులో ప్రమాదాలు లేకపోలేదు. రక్తం కారవచ్చు. కఫం గడ్డకట్టి గొట్టం మూసుకుపోవచ్చు. మొదటి వారంలో గొట్టం జారిపోతే లోపలి దారి ఇంకా గట్టిపడదు కనుక తిరిగి పెట్టడం కష్టం. అందుకే అదే కొలత గొట్టం ఒకటి, ఒక కొలత చిన్నది ఒకటి మంచం పక్కనే సిద్ధంగా ఉంచుతారు. ముక్కు చేసే పని, అంటే గాలిని వెచ్చబరచి తడిపే పని, ఇక్కడ జరగదు కనుక వేరే ఏర్పాటు చేయాలి. నర్సు గంట గంటకూ చూసి, అవసరమైనప్పుడల్లా సన్నని గొట్టంతో, ఒక్కొక్కసారి పది పదిహేను సెకన్లకు మించకుండా, కఫం లాగాలి. ఇదంతా ఓపికతో కూడిన సేవ.

మరొక్క విషయం. ఈ సంతకం ఈ క్షణమే పెట్టి తీరాలన్న తొందర చాలాసార్లు ఉండదు. బ్రిటన్‌లో జరిగి 2013లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో, నాలుగు రోజులలోపే రంధ్రం పెట్టినవారికీ పది రోజులు ఆగినవారికీ మరణాలలో తేడా కనపడలేదు. పైగా ఆగినవారిలో సగానికి పైగా అసలు రంధ్రం అవసరమే రాలేదు. కనుక డాక్టరుగారిని "ఒకటి రెండు రోజులు ఆలోచించుకోవచ్చా?" అని అడగడం అవివేకమూ కాదు, అవిధేయతా కాదు.

చేతులతో ఇచ్చిన ఊపిరి

ఈ వైద్యం ఎలా పుట్టిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు చచ్చుబడి పిల్లలు రాలిపోతున్నారు. ఆ స్థితికి వచ్చినవారిలో పదిమందికి ఎనిమిది తొమ్మిది మంది చనిపోయేవారు. ఆగస్టు 27న బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, చావుకు చేరువలో ఉన్న పన్నెండేళ్ల బాలికకు గొంతు దగ్గర రంధ్రం పెట్టించి, గొట్టానికి ఒక రబ్బరు సంచి తగిలించి చేత్తో నొక్కుతూ ఊపిరి అందించారు. బాలిక బతికింది. కాని అంతమంది రోగులకు సరిపడా యంత్రాలు లేవు. అప్పుడు సుమారు పదిహేను వందలమంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని, రాత్రింబవళ్లు, నెలల తరబడి సంచులు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గిపోయాయి. నేటి ఐ.సి.యు.లకు అదే ఆరంభం.

మట్టిబొమ్మ ముక్కుపుటాలలో దేవుడు ఊపిరి ఊదాడని ఆదికాండంలో చదువుతాం. ఆ ఊపిరి ఆగిపోబోతుంటే తోటి మనిషి తన చేతులతో దాన్ని నిలబెట్టడం దేవుని పనిలో జోక్యం కాదు, దేవుని పనిలో పాలుపంచుకోవడమే. "గొట్టాలు వేయడం దైవచిత్తానికి విరుద్ధం" అని కొందరు పెద్దలు అంటూంటారు. ఆ మాటకు శ్రీసభ బోధలో చోటు లేదు.

మరి ఎంతవరకు?

కాని కోపెన్‌హాగన్ తరువాత ఐదేళ్లకే డాక్టర్లకు రెండో ప్రశ్న ఎదురైంది. ఊపిరి నిలబెట్టగలం సరే, ఎప్పటికీ నిలబెడుతూనే ఉండాలా? ఆస్ట్రియా దేశపు ఇన్స్‌బ్రుక్ నగరం నుంచి ఒక మత్తు డాక్టరు ఈ ప్రశ్నను నేరుగా పన్నెండవ పయస్ పోపుగారి ముందుంచారు. 1957 నవంబరు 24న పోపుగారు డాక్టర్ల సమావేశంలో జవాబిచ్చారు. నిండా అరవై ఏళ్లు దాటినా ఆ జవాబు పాతబడలేదు.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. ప్రాణాన్నీ ఆరోగ్యాన్నీ కాపాడుకోవడం మనిషి బాధ్యత. అయితే మామూలుగా సాధారణ సాధనాలు వాడడం వరకే ఆ బాధ్యత. మనిషినీ, చోటునూ, కాలాన్నీ బట్టి, తనకు గాని ఇతరులకు గాని మోయరాని భారం కానివి సాధారణ సాధనాలు. వాటిని మించినవి వాడుకోవచ్చు, కాని వాడితీరాలన్న విధి లేదు. రోగి అనుమతి లేకుండా డాక్టరుకు స్వతంత్ర హక్కు లేదు. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే, కుటుంబం తమ ఇష్టాన్ని కాక అతని ఇష్టం ఏమై ఉండేదో దాన్ని చెప్పాలి.

1980లో శ్రీసభ విశ్వాస సిద్ధాంత కార్యాలయం ఇచ్చిన ప్రకటన, 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథంలోని 2278వ పేరా, 1995లో రెండవ జాన్ పౌల్ పోపుగారి 'ఎవాంజెలియుం వీతే' విశ్వలేఖ, అన్నీ ఈ బాటలోనే నడిచాయి. ప్రాణం తీయాలన్న ఉద్దేశంతో చేసే పని ఏదైనా, చేయక మానడమైనా ఘోరపాపం. కాని ఫలితానికి మించిన బాధనూ భారాన్నీ మోపే చికిత్సను వద్దనుకోవడం హత్య కాదు. అది మరణాన్ని కోరడం కాదు, మరణాన్ని ఆపలేమని ఒప్పుకోవడం.

కనుక ఆ చెల్లెలు అన్న "ఊపిరి ఉన్నంతవరకు వైద్యం ఆపకూడదు" అనే మాట శ్రీసభ బోధ కాదు. ఆ అన్న అన్న "బాధపడింది చాలు" అనే మాట ఒక్కటే నిర్ణయానికి సరిపోదు. వెంటిలేటరు సాధారణ సాధనమా, అసాధారణ సాధనమా అని యంత్రాన్ని చూసి చెప్పలేం. మంచం మీద ఉన్న మనిషిని చూసి చెప్పాలి.

ఒకే యంత్రం, రెండు మంచాలు

దివిసీమవారికి నేను చెప్పనక్కరలేదు. వానాకాలం వచ్చిందంటే పాముల భయం. 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఎంత కలవరం పుట్టించాయో మీకు గుర్తుండే ఉంటుంది. వాటిలో కట్లపాము కాటు వింతైనది. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, చివరకు ఊపిరి ఆగిపోవడం. నరం నుంచి కండరానికి వెళ్లవలసిన ఆజ్ఞను ఆ విషం ఆపేస్తుంది.

అటువంటి రోగిని మంచం మీద చూస్తే ఎవరికైనా ఆశ చస్తుంది. కన్ను తెరవడు, చెయ్యి కదపడు, కంటిపాప వెలుగుకు స్పందించకపోవచ్చు. శవమేననిపిస్తుంది. కాని లోపల మెదడు మెలకువగా ఉండవచ్చు. మంచం పక్కన మనం మాట్లాడేదంతా అతను వింటూ ఉండవచ్చు. మందు ఇచ్చి, కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు, యంత్రంతో ఊపిరి అందిస్తే నడిచి ఇంటికి వెళ్లేవారు ఎందరో. నాగాయలంక వైపు అలా తిరిగి వచ్చిన ఒక కుర్రవాణ్ణి నేను ఎరుగుదును. "మా మేనమామ పెట్టె సంగతి మాట్లాడడం నాకు వినపడింది మాస్టారూ, వద్దని చెప్పడానికి నోరు రాలేదు" అన్నాడు. ఆ యువకునికి వెంటిలేటరు, అవసరమైతే ట్రాకియాస్టమీ, ముమ్మాటికీ సాధారణ సాధనం. దాన్ని కాదనడం అతన్ని వదిలివేయడమే.

ఇప్పుడు రెండో మంచం. క్యాన్సరు ఒళ్లంతా పాకి, మూత్రపిండాలు పోయి, డాక్టర్లు ఇద్దరు ముగ్గురు కలిసి "ఇక తిరిగి రావడం లేదు" అని చెప్పిన మనిషి. అదే గొట్టం, అదే యంత్రం. అక్కడ అది ప్రాణాన్ని పొడిగించదు, చావును పొడిగిస్తుంది. ఆ చికిత్స వద్దని చెప్పడానికి ఆ కుటుంబానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. ఏ అపరాధభావమూ అక్కరలేదు.

మరి మన రైతు? ఆయన ఈ రెండు మంచాల మధ్య ఉన్నాడు. చాలా కుటుంబాల ప్రశ్న ఆ మధ్యనే ఉంటుంది.

ఎవరూ అడగని ప్రశ్న

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు ఓపికగా మాట్లాడారు. నిమోనియా తగ్గుతోంది. పాత ఊపిరితిత్తుల జబ్బు వల్ల యంత్రం వెంటనే తీయలేకపోతున్నారు. రంధ్రం పెడితే మత్తు తగ్గించవచ్చు, లేచి కూర్చోబెట్టవచ్చు, యంత్రాన్ని మెల్లగా మాన్పించవచ్చు. సగం ఆశ ఉందన్నారు. "ఆయన స్పృహలో ఉన్నారా?" అని అడిగాను. "ఉదయం నుంచి మత్తు తగ్గించాం, చెప్పింది అర్థమవుతోంది" అన్నారు.

నేను ముగ్గురు పిల్లల వైపూ చూశాను. "మీ నాన్నను అడిగారా?"

ఎవరూ అడగలేదు. పన్నెండు రోజులుగా ఆయన గురించి మాట్లాడుకున్నారు, ఆయనతో మాట్లాడలేదు. ప్రేమ లేక కాదు. గొట్టం ఉన్న నోరు మాట్లాడదు కనుక మనిషే లేడని మనం అనుకుంటాం.

మర్నాడు చిన్నపిల్లల పలక ఒకటి పట్టుకెళ్లాం. డాక్టరుగారే విషయం వివరించారు: గొంతు దగ్గర చిన్న దారి పెడతాం, కొన్నాళ్లు మాట రాదు, పది రోజులు ప్రయత్నిద్దాం, మేలు కనపడకపోతే మళ్లీ కూర్చుని ఆలోచిద్దాం. ఇష్టమైతే చెయ్యి నొక్కమన్నారు. ఆయన నొక్కలేదు. పలక ఇమ్మని సైగ చేశాడు. వంకర అక్షరాలతో రాసిన మాట: "ఊడ్పులు అయినాయా?" రెండోవాడు వంగి, "అయినాయి నాన్నా, కాలవ నీళ్లు వచ్చినాయి" అన్నాడు. అప్పుడు ఆయన డాక్టరుగారి చెయ్యి నొక్కాడు.

పాఠకులారా, పోపుగారు 1957లో చెప్పిన సూత్రం ఆ ఐ.సి.యు.లో నాకు పలక మీద కనపడింది.

రెండు కథలు

ఈ సందర్భంలో మన తెలుగునాట జరిగిన ఒక విషాదాన్ని తలచుకోవాలి. 2004 డిసెంబరులో హైదరాబాదులో వెంకటేశ్ అనే పాతికేళ్ల చదరంగ క్రీడాకారుడు, కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటరు మీద ఉన్నాడు. తాను ఎలాగూ బతకనని, అవయవాలు పాడుకాకముందే వాటిని తీసి ఇతరులకు ఇవ్వాలని కోరాడు. తల్లి ఆ కోరికను హైకోర్టు దాకా తీసుకువెళ్లింది. మెదడు చనిపోకముందు అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు నిరాకరించింది. డిసెంబరు 17న అతను కన్నుమూశాడు. కళ్లు మాత్రం దానం చేయగలిగారు.

ఆ యువకుని ఔదార్యానికి చేతులెత్తి నమస్కరించాలి. మరణానంతర అవయవదానాన్ని శ్రీసభ ప్రేమకార్యంగా మెచ్చుకుంటుంది. అయినా ఆ నిరాకరణ సరైనదే. మోయరాని చికిత్సను వద్దనడం వేరు, బతికి ఉన్న మనిషి నుంచి, అతని కోరిక మీదనే అయినా, ప్రాణాధారమైన అవయవం తీసి అతని మరణానికి కారణం కావడం వేరు. మొదటిది చావుకు దారి విడవడం, రెండోది చావును తేవడం. ఈ గీత సన్ననిదే. కాని దాన్ని చెరిపేస్తే రేపు నోరులేనివాళ్ల మంచాల దగ్గర ఎవరు కాపలా ఉంటారు?

రెండో కథ మీకందరికీ తెలిసినదే. 2005 ఫిబ్రవరి 24న రెండవ జాన్ పౌల్ పోపుగారికి ఊపిరాడక రోము నగరంలోని జెమెల్లి ఆసుపత్రిలో ట్రాకియాస్టమీ చేశారు. లోకమంతా వినడానికి అలవాటుపడిన ఆ గొంతు మూగబోయింది. కాగితం మీద రాసి మాట్లాడవలసి వచ్చింది. ఈస్టరు పండుగనాడు కిటికీ దగ్గరకు వచ్చి నోరు తెరిచారు, మాట రాలేదు. చేతితో దీవించి వెనుదిరిగారు. మార్చి నెలాఖరున జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఈసారి ఆసుపత్రికి వెళ్లలేదు. తన గదిలోనే, తనవారి ప్రార్థనల మధ్య, ఏప్రిల్ 2 రాత్రి కన్నుమూశారు.

ఒకే మనిషి. ఐదు వారాల తేడాతో రెండు నిర్ణయాలు. మొదటిసారి గొంతుకు రంధ్రం పెట్టించుకున్నారు, రెండోసారి ఆసుపత్రే వద్దనుకున్నారు. ఒకటి ధైర్యం, మరొకటి పిరికితనం కాదు. ఒకటి విశ్వాసం, మరొకటి నిరాశ కాదు. ఏ చికిత్సలో మేలు ఉందో ఆనాడు దాన్ని స్వీకరించారు, మేలు లేనినాడు తండ్రి చేతులకు తనను అప్పగించుకున్నారు.

డబ్బు గురించి మాట్లాడడం పాపమా?

పెద్దకొడుకు తాకట్టు సంగతి ఎత్తినప్పుడు చెల్లెలు అతన్ని చూసిన చూపు నేను మరచిపోలేదు. అతనూ తల దించుకున్నాడు. కాని ఖర్చును లెక్కలోకి తీసుకోవడం తప్పు కాదు. "ఇతరులకు మోయరాని భారం" అని పోపుగారు చెప్పినదానిలో ఇదీ ఉంది. మనవల చదువు ఆగిపోయేలా, ఉన్న పొలమంతా అమ్మి, ఆశ లేని చికిత్స సాగించమని దేవుడు అడగడు. ఏ తండ్రీ అడగడు.

అయితే ఇందులో మన విచారణ ప్రజలందరికీ ఒక నిలదీత ఉంది. ఆశ ఉన్న చికిత్స కూడా డబ్బు లేక ఆగిపోతే ఆ తప్పు ఆ కొడుకుది కాదు, చూస్తూ ఊరుకున్న మనదీ. గుణదల మాత తిరునాళ్లకు ఏటా వెళతాం. అదే ఫిబ్రవరి 11వ తేదీని 1993 నుంచి శ్రీసభ వ్యాధిగ్రస్తుల దినంగా కూడా జరుపుకొంటున్నదని ఎందరికి గుర్తుంది? కొబ్బరికాయకూ కొవ్వొత్తికీ పెట్టిన ఖర్చులో కొంత, మన ఊరి ఐ.సి.యు. మంచానికి చేరాలి. విన్సెంట్ డి పాల్ సభవారు ఉన్నచోట వారి చేతికివ్వండి. లేనిచోట మనమే చేతులు కలపాలి. డబ్బు ఒక్కటే కాదు. గొంతులో గొట్టంతో ఇంటికి వచ్చినవారికి కఫం లాగడం, గొట్టం శుభ్రం చేయడం నేర్చుకుని, వంతులవారీగా రాత్రి కాపలా ఉండేవారు కావాలి. కోపెన్‌హాగన్ విద్యార్థులు చేసినది అదే.

ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. "మా ఇష్టపూర్వకంగా తీసుకుపోతున్నాం" అని రాసిచ్చి, అంబులెన్సులో చేతిసంచి నొక్కుతూ ఊరి పొలిమేర దాకా తెచ్చి, అక్కడ గొట్టం పీకేయడం మన జిల్లాలో జరుగుతూనే ఉంది. కొనఊపిరితో ఇంటికి చేరాలన్న కోరిక గౌరవించదగినదే. కాని ఆయాసానికి మందు లేకుండా, నొప్పికి ఉపశమనం లేకుండా, ఎవరూ పక్కన లేకుండా జరిగే ఆ పని సేవ కాదు. ఈ విషయంలో చట్టం కూడా దారి చూపింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, ఆశ లేని స్థితిలో ప్రాణాధార చికిత్స ఆపవచ్చునని, ముందుగానే మన ఇష్టాన్ని రాసిపెట్టుకోవచ్చునని తీర్పు చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు. ఆసుపత్రిలో రెండు డాక్టర్ల బృందాలు పరిశీలించి ఒప్పుకోవాలి. ఈ దారిన వెళితే దొంగచాటు అక్కరలేదు. ఏ చికిత్స ఆపినా, అన్నం, నీళ్లు ఒంటికి పట్టినంతకాలం వాటినీ, శుభ్రతనూ, నొప్పి మందునూ, పక్కన కూర్చునే మనిషినీ ఆపకూడదు.

ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే. కొత్త దారిలో ఊపిరి ఆడుతున్నదని తేలేవరకు ఆ మత్తు డాక్టరు పాత గొట్టాన్ని వదలరు. మనమూ అంతే. ఒక చికిత్సను ఆపే ముందు, రోగిని పట్టుకునే మరో చెయ్యి సిద్ధంగా ఉందా అని చూసుకోవాలి. చికిత్సను వదలవచ్చు, మనిషిని వదలకూడదు.

తరువాత

మన రైతుకు రంధ్రం పెట్టారు. తొమ్మిదో రోజుకు యంత్రం అక్కరలేకపోయింది. నెలలోపే గొట్టం తీసి ఇంటికి పంపారు. అరుగు మీద కూర్చుని వరి పొట్టకు రావడం చూశాడు. గొంతు బొంగురుపోయినా మాట వచ్చింది. ఆ మాటతోనే పిల్లల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి, "మళ్లీ ఇట్లా వస్తే నన్ను అక్కడికి తీసుకుపోవద్దు. ఒకసారి పోయొచ్చాను, చాలు" అన్నాడు. ఊళ్లోని డాక్టరుగారికీ, ఫాదర్ గారికీ ఆ మాటే చెప్పాడు.

సంక్రాంతి వెళ్లాక మళ్లీ ఆయాసం పట్టుకుంది. ఈసారి ఇంట్లోనే ఉంచారు. డాక్టరుగారు వచ్చి ఆయాసం తగ్గే మందులు ఇచ్చారు. ఫాదర్ గారు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం ఇచ్చారు. మూడో రోజు తెల్లవారుజామున, కూతురు జపమాల చెబుతూండగా వెళ్లిపోయాడు.

ఆ అమ్మాయి ఇప్పటికీ కనపడినప్పుడల్లా అడుగుతుంది: "రెండోసారి కూడా తీసుకెళ్లి ఉంటే బతికేవాడేమో కదా మాస్టారూ?"

బతికేవాడేమో. నాకు తెలియదమ్మా అనే చెబుతాను. ఆ సందేహాన్ని ఏ శాస్త్రమూ పూర్తిగా తీర్చలేదు. ప్రేమించినవారికే ఆ సందేహం వస్తుంది. కాని ఒకటి మాత్రం ఖాయంగా చెప్పగలను. మొదటిసారి ఆయన్ను అడిగారు, ఆయన మాట విన్నారు. రెండోసారీ విన్నారు. రెండుసార్లూ ఆయన పక్కనుంచి కదలలేదు. దేవుని ముందు ఒక కుటుంబం చేయగలిగినది ఇంతే, చేయవలసినదీ ఇంతే.

ఈ పత్రిక మడిచి పక్కన పెట్టేముందు, ఇంట్లో పెద్దలు ఉంటే ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట అడగండి: "నీకు మాట రాని రోజు వస్తే, నీ తరఫున మమ్మల్ని ఏం చెప్పమంటావు?" అశుభం పలికావని విసుక్కుంటారేమో. విసుక్కున్నా జవాబు చెబుతారు. ఆ జవాబు రాసి పెట్టుకోండి. ఊపిరి పోసిన ప్రభువు, ఆ ఊపిరిని తిరిగి తీసుకునే వేళ మన చేతులు వణకకుండా కాపాడుగాక.